తెరమీద ఒక రంగు, ప్రింట్‌లో ఇంకో రంగు: మానిటర్‌నీ ప్రింటర్‌నీ కలిపేదెలా?

తొలిప్రింట్:

అందరికీ నమస్కారం. ఫోటోలు ఇంట్లోనే ప్రింట్ చేసుకుందామని ఆరు రంగుల ఇంక్‌జెట్ ఒకటి తీసుకున్నాను. తెరమీద చూస్తే ఫోటో బ్రహ్మాండంగా ఉంటుంది. ప్రింట్ తీస్తే మాత్రం మొత్తం చీకటిపడ్డట్టు వస్తోంది. నీడల్లో ఏమీ కనబడదు. పైగా మనుషుల ముఖాలు గులాబీ రంగులోకి పోతున్నాయి. గ్లాసీ కాగితం వాడుతున్నాను, ఫోటోషాప్ నుంచి ప్రింట్ ఇస్తున్నాను. డ్రైవర్‌లో బ్రైట్‌నెస్ పెంచితే చీకటి కొంచెం తగ్గుతుంది గానీ మబ్బులు వెలిసిపోతున్నాయి. మానిటర్‌నే ప్రింట్‌కి తగ్గట్టు మార్చేసుకుంటే సరిపోతుందని తెలిసినవాళ్లు ఒకరన్నారు. అలా చేయొచ్చా? సిరా, కాగితం ఊరికే పోతుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

పాత డార్క్‌రూమ్:

ముందు మీ ఆఖరి ప్రశ్నకు జవాబు: అలా చేయొద్దండి. ప్రింట్‌కి తగ్గట్టు మానిటర్‌ని తిప్పితే అది ఆ ఒక్క కాగితానికి, ఆ ఒక్క సిరాకి, ఆ ఒక్క సెట్టింగ్‌కి మాత్రమే పనికొస్తుంది. రేపు కాగితం మార్చగానే మళ్లీ మొదటికొస్తారు. ఆ తెరమీద సవరించిన ఫోటో ఎవరికి పంపినా అక్కడ రంగు తేడాగానే కనబడుతుంది. మానిటర్‌ని ఒక ప్రమాణానికి కట్టేయాలి. ప్రింటర్‌కి కాగితానికో ప్రొఫైల్ (ఆ పరికరం ఏ రంగుని ఎలా చూపిస్తుందో చెప్పే చిన్న ఫైలు) ఉండాలి. ఈ రెండింటి మధ్య రంగుల మార్పిడి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. 1993లో ఐసీసీ (ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియం) అనే సంస్థ పెట్టింది ఇందుకే. ప్రతి పరికరాన్నీ ఇంకో పరికరంతో నేరుగా జతచేసే బదులు, అన్నిటినీ ల్యాబ్ లేదా ఎక్స్‌వైజెడ్ అనే ఉమ్మడి రంగుల లెక్కతో జతచేస్తే గొడవ వదులుతుందని వాళ్ల ఆలోచన.

ఇక మీ ఫిర్యాదులు రెండూ వేరువేరు. చీకటి ఒక జబ్బు, గులాబీ ఇంకో జబ్బు. రెండిటికీ ఒకే మందు వెతికితే దొరకదు.

చీకటి విషయంలో మొదట అనుమానించాల్సింది మానిటర్ వెలుగుని. పెట్టె విప్పి పెట్టిన మానిటర్లు చదరపు మీటరుకి 250, 300 కాండెలాల (తెర వెలుగుని కొలిచే ప్రమాణం) దాకా వెలుగుతుంటాయి. కాగితం సంగతి చూడండి. గదిలో 300 లక్స్ వెలుగుంటే, దాంట్లో 90 శాతాన్ని తిప్పికొట్టే తెల్ల కాగితం నుంచి కంటికి చేరేది 85 కాండెలాల చుట్టూ ఉంటుంది. 500 లక్స్ ఉంటే 145 దగ్గర. అంటే తెరమీది తెలుపు కాగితం తెలుపుకి రెండు మూడు రెట్లు. ఆ వెలుగులో కూర్చుని ఫోటో సవరిస్తే మనకు తెలియకుండానే ఎక్స్‌పోజర్ తగ్గించేస్తాం. ఫైలే చీకటిగా తయారవుతుంది. ప్రింటర్ చేసేది దాన్ని నమ్మకంగా అచ్చేయడమే.

వెలుగునీడ:

పై మాటకు నాదీ మద్దతు. పరికరం లేకుండా వెలుగు సరిచేసుకునే పద్ధతి ఒకటుంది, ఇవాళే చేసి చూడండి.

తెరమీద పూర్తి తెలుపు ఫైలొకటి ఫుల్‌స్క్రీన్‌లో తెరవండి. మీరు ప్రింట్ చేసే కాగితమే ఖాళీది ఒకటి తీసుకుని, ప్రింట్లు చూసే దీపం కింద తెర పక్కనే పట్టుకోండి. తెర వెలుగు కాగితం మీద పడకుండా కొంచెం వెనక్కి జరపాలి. ఇప్పుడు మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గిస్తూ పోండి, తెర దీపంలా కాకుండా కాగితంలా అనిపించేదాకా. బ్రైట్‌నెస్ బటన్ మాత్రమే ముట్టుకోండి, కాంట్రాస్ట్ జోలికి పోవద్దు. చాలా తెరల్లో కాంట్రాస్ట్ కదిపితే తెలుపుకి దగ్గరలో ఉన్న లేత ఛాయలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

మొదట్లో తెర మరీ మసగ్గా ఉందనిపిస్తుంది. కాసేపట్లో కన్ను అలవాటు పడుతుంది. ఆ తర్వాత మీ పాత ఫోటో ఒకటి తెరిచి చూడండి. ప్రింట్‌లో కనబడిన చీకటి తెరమీదే కనబడితే, ఆ జబ్బు దొరికినట్టే.

సిరాచుక్క:

గులాబీ సంగతి నేను చూస్తాను. రెండు వివరాలు కావాలి.

నాజిల్ చెక్ (సిరా చిమ్మే రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో చూపే గీతల ప్రింట్) తీశారా? సియాన్ (ఆకాశనీలం సిరా) నాజిల్ ఒకటి మూసుకుపోయినా ముఖాలు ఎర్రబారతాయి. సెట్టింగుల్లో తలదూర్చే ముందు ఆ గీతలన్నీ తెగకుండా వస్తున్నాయో లేదో చూడాలి.

ఫోటోషాప్ ప్రింట్ విండోలో కలర్ హ్యాండ్లింగ్ దగ్గర ఏముంది? ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ దగ్గర ఏముంది? రెండూ చెప్పండి.

ఇంకో మాట. మీ సొంత ఫోటోతో పరీక్ష చేయొద్దు. ప్రింటర్ పరీక్ష కోసం తయారుచేసిన చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో రకరకాల చర్మఛాయలు, నలుపు నుంచి తెలుపు దాకా బూడిద రంగు పట్టీ, గాఢమైన రంగుల గళ్లు ఉంటాయి. దాన్ని ఏ సవరణా చేయకుండా అలాగే ప్రింట్ ఇవ్వండి. అది బాగా వచ్చి మీ ఫోటో పాడైతే, లోపం మీ తెరలో లేదా సవరణలో. అదీ పాడైతే ప్రింట్ దారిలో. ఈ ఒక్క కాగితంతో సగం అనుమానాలు తీరిపోతాయి.

తొలిప్రింట్:

వెలుగునీడ గారు చెప్పినట్టు చేశాను. బ్రైట్‌నెస్ 90లో ఉండేది, కాగితంతో పోల్చుకుంటూ వస్తే 28 దగ్గర ఆగింది! పాత ఫోటోలు తెరిస్తే నిజంగానే చీకటిగా ఉన్నాయి, ప్రింట్‌లో చూసినట్టే.

నాజిల్ చెక్ శుభ్రంగా వచ్చింది. ఫోటోషాప్‌లో "ఫోటోషాప్ మేనేజెస్ కలర్స్" ఉంది, కాగితం ప్రొఫైల్ కూడా ఎంచుకుని ఉంది. డ్రైవర్‌లో కలర్ దగ్గర "ఆటోమేటిక్" ఉంది. పరీక్ష చిత్రంలోనూ ముఖాలన్నీ గులాబీగానే వచ్చాయి. బూడిద పట్టీ కూడా మధ్యలో ఎర్రజీర కొట్టింది.

సిరాచుక్క:

దొరికింది. రంగుల మార్పిడి రెండుసార్లు జరుగుతోంది. ఫోటోషాప్ ఒకసారి ఫైల్‌ని కాగితం ప్రొఫైల్‌కి మార్చి పంపుతోంది. అది ఇంకా మామూలు ఎస్ఆర్‌జీబీ (తెరలకీ వెబ్‌కీ వాడే మామూలు రంగుల ప్రమాణం) ఫైలే అనుకుని డ్రైవర్ దాన్ని మళ్లీ మారుస్తోంది. వండిన కూరకి ఇద్దరూ ఉప్పేసినట్టు. ముఖాలు గులాబీలోకి, ఎరుపులు మరీ గాఢంగా పోవడం దీని అసలు గుర్తు.

ఇద్దరిలో ఒక్కరే మార్చాలి. ఫోటోషాప్‌కి అప్పగిస్తే డ్రైవర్‌లో రంగు సవరణ పూర్తిగా ఆపేయాలి. ఎప్సన్ డ్రైవర్లలో ఇది "నో కలర్ అడ్జస్ట్‌మెంట్" అని ఉంటుంది, కానన్‌లో కలర్ మ్యాచింగ్ దగ్గర "నన్" అని. మ్యాక్‌లో అయితే ఫోటోషాప్‌కి అప్పగించగానే డ్రైవర్‌లోని ఆ భాగం చాలావరకు దానంతటదే పనిచేయకుండా పోతుంది. విండోస్‌లో మనమే చూసుకోవాలి. ఒకసారి మార్చాక ఆ సెట్టింగులన్నీ ఒక ప్రీసెట్‌గా దాచుకోండి. డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు అవి మళ్లీ ఆటోమేటిక్‌కి వెళ్లిపోవచ్చు.

చాలామంది తేలిగ్గా తీసుకునేది మీడియా టైప్, అంటే డ్రైవర్‌లో కాగితం రకం ఎంచుకునే చోటు. కాగితం మీద ఎంత సిరా పడాలో నిర్ణయించేది అదే. ఏ మీడియా టైప్‌తో కొలిచి ప్రొఫైల్ తయారుచేశారో, ప్రింట్ కూడా దాంతోనే తీయాలి. ప్రొఫైల్ సరైనదే పెట్టి మీడియా టైప్ దగ్గర ప్లెయిన్ పేపర్ వదిలేస్తే ఆ ప్రొఫైల్‌కి అర్థం లేదు. కాగితం కంపెనీ ప్రొఫైల్‌తో పాటు ఇచ్చే సూచనల్లో ఏది ఎంచుకోవాలో రాసి ఉంటుంది. తప్పకుండా చదవండి.

గ్రే కార్డు:

ఇక్కడిదాకా చెప్పినవన్నీ సరే, కానీ కంటితో వెలుగు సరిచేయడం దగ్గరే ఆగిపోవద్దు. రంగు విషయంలో కంటిని నమ్మలేం. ఎరుపు తిరిగిన తెర ముందు పది నిమిషాలు కూర్చుంటే అదే తెలుపు అనిపిస్తుంది. అందుకే కొలిచే పరికరం కావాలి. తెరకి మాత్రమే అయితే కలరిమీటర్ చాలు. డేటాకలర్ స్పైడర్, కాలిబ్రైట్ (ఇదివరకు ఎక్స్‌రైట్ పేరుతో వచ్చేవి) లాంటివి. స్నేహితులు నలుగురు కలిసి ఒకటి కొనుక్కుని చేతులు మార్చుకున్నా సరిపోతుంది, రోజూ వాడే వస్తువు కాదు. సాఫ్ట్‌వేర్ కావాలంటే డిస్‌ప్లేకాల్ ఉచితం. దాని లోపల కొలతలూ లెక్కలూ చేసేది ఆర్గిల్ సీఎంఎస్.

కొలిచే ముందు మానిటర్ అరగంటైనా వెలుగుతూ ఉండాలి. నైట్ లైట్, ట్రూ టోన్, ఆటో బ్రైట్‌నెస్, డైనమిక్ కాంట్రాస్ట్, హెచ్‌డీఆర్ మోడ్ అన్నీ ఆపేయండి. వీటిలో ఒక్కటి నడుస్తున్నా కొలతకు విలువ ఉండదు. లక్ష్యాలుగా వైట్ పాయింట్ (తెర తెలుపు ఛాయ) డీ65 (6500 కెల్విన్ చుట్టూ ఉండే పగటి తెలుపు), గామా (మధ్య ఛాయల వెలుగు తీరు) 2.2, వెలుగు 80 నుంచి 120 కాండెలాల మధ్య మీ గదికి తగ్గట్టు పెట్టుకోండి. పని పూర్తయ్యాక ప్రొఫైల్ సిస్టమ్‌లో చేరుతుంది. దాన్ని ఫోటోషాప్ ప్రింట్ విండోలో ప్రింటర్ ప్రొఫైల్ స్థానంలో ఎంచుకోకూడదు. అలా చేసి తల పట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. మానిటర్ ప్రొఫైల్ తెర వరకే. ఫైల్‌లో ఎస్ఆర్‌జీబీ గానీ అడోబ్ ఆర్‌జీబీ (అంతకంటే ఎక్కువ రంగులు పట్టే ప్రమాణం) గానీ ఉండాలి, ప్రింట్ దగ్గర కాగితం ప్రొఫైల్ ఉండాలి.

పాత డార్క్‌రూమ్:

డీ65 దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ప్రింట్లు చూసే ప్రమాణం, ఐఎస్ఓ 3664, డీ50 (5000 కెల్విన్ చుట్టూ ఉండే, కాస్త వెచ్చటి తెలుపు) అంటుంది. ప్రొఫైళ్ల మధ్య ఉమ్మడి లెక్క కూడా డీ50 మీదే నడుస్తుంది. అలాంటప్పుడు తెరని నీలం వైపు ఉన్న 65లో పెట్టి, 50 దీపం కింద కాగితం పట్టుకుంటే రెండూ ఎలా కలుస్తాయి?

గ్రే కార్డు:

డీ50 దీపం ఉన్న వ్యూయింగ్ బూత్‌ని తెర పక్కనే పెట్టుకుని పనిచేసేవాళ్లకి మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఇంట్లో ఆ ఏర్పాటు లేనివాళ్లు ముందు తెర చూస్తారు, తర్వాత లేచి వెళ్లి కిటికీ దగ్గరో దీపం కిందో ప్రింట్ చూస్తారు. ఈ మధ్యలో కన్ను కొత్త తెలుపుకి అలవాటు పడిపోతుంది. ఉమ్మడి లెక్క డీ50 అయినా మానిటర్ ప్రొఫైల్ తెలుపుని తెలుపుకి జతచేసే పని చూసుకుంటుంది కాబట్టి తెరనీ 50లోనే పెట్టాలన్న నియమం లేదు. పైగా కొన్ని మానిటర్లని 50కి లాగితే నీలం ఛానెల్ బాగా తగ్గించాల్సి వచ్చి, లేత ఛాయల మధ్య మెట్లు కనబడతాయి.

పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు మాత్రం అంకెని పట్టుకుని వేలాడకుండా, దీపం కింది ఖాళీ కాగితం తెలుపుతో తెర తెలుపు కంటికి కలిసేదాకా వైట్ పాయింట్ జరుపుకోవడం మేలు. అది 5500 కెల్విన్ దగ్గర ఆగొచ్చు, 6000 దగ్గర ఆగొచ్చు.

పాత డార్క్‌రూమ్:

సరే, పక్కపక్కన పెట్టి చూసే విషయంలో ఇద్దరం ఒకటే చెబుతున్నాం. మెట్ల సంగతికి వస్తే, లెక్క మానిటర్ లోపలే జరిగే హార్డ్‌వేర్ కాలిబ్రేషన్ ఉన్నవాటిలో ఆ బాధ చాలా తక్కువ. ఐజో కలర్‌ఎడ్జ్, బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ వరసల్లో అది ఉంటుంది. నేను 50నే వాడతాను, కొత్తవాళ్లు 65తో మొదలుపెట్టడానికి నాకేం ఇబ్బంది లేదు.

తొలిప్రింట్:

మీ అందరికీ ఎంత చెప్పినా తక్కువే. డ్రైవర్‌లో రంగు సవరణ ఆపి, మీడియా టైప్ సరిచేసి అదే పరీక్ష చిత్రం మళ్లీ తీశాను. ముఖాలు ముఖాల్లా ఉన్నాయి! బూడిద పట్టీలో ఎర్రజీర పోయింది. పాత ప్రింట్, కొత్త ప్రింట్ పక్కపక్కన పెట్టి ఇంట్లోవాళ్లకి చూపిస్తే మారుమాట లేకుండా కొత్తదాన్ని చూపించారు. కలరిమీటర్ ఒకటి అడిగి తెచ్చుకుని తెర కూడా కొలిచాను. కంటితో 28 దగ్గర ఆపానుగా, 100 కాండెలాలకి అది 31 చెప్పింది.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. నీలిరంగు పువ్వు ఒకటుంది, తెరమీద నిండు నీలం, ప్రింట్‌లో ఊదా. మిగతా రంగులన్నీ కుదిరాయి, ఇదొక్కటే మొండికేస్తోంది. రెండోది, పొద్దున తెల్లగా కనబడిన ప్రింట్ రాత్రి పసుపుగా ఉంటోంది.

వెలుగునీడ:

రెండోది నాకు బాగా ఇష్టమైన విషయం. రాత్రి మీ గదిలో వెచ్చటి బల్బు ఉండి ఉంటుంది, 2700 కెల్విన్ దగ్గరిది. ప్రింట్ తనంతట తాను వెలగదు, దాని మీద పడిన వెలుగే దాని తెలుపు. తెర అలా కాదు, బల్బు మారినా తన తెలుపు తనదే. పైగా చౌక ఎల్ఈడీ బల్బుల వెలుగులో కొన్ని రంగులకి, ముఖ్యంగా గాఢమైన ఎరుపుకి కావాల్సిన భాగం తక్కువగా ఉంటుంది. ప్రింట్లు చూడటానికి 5000 కెల్విన్, సీఆర్ఐ (రంగులని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి పైన ఉన్న బల్బు ఒకటి విడిగా పెట్టుకోండి. పగలైతే నేరుగా ఎండ పడని కిటికీ పక్కన చూడండి.

కాగితం కూడా ఒక కారణం కావచ్చు. మిలమిల్లాడే తెల్ల కాగితాల్లో మెరుపు రసాయనాలు కలుపుతారు. అవి కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని తీసుకుని నీలం వెలుగుగా వదులుతాయి. పగటి వెలుతురులో అతినీలలోహిత కాంతి ఉంటుంది కాబట్టి కాగితం మల్లెపువ్వులా కనబడుతుంది. ఇంట్లో వాడే ఎల్ఈడీ వెలుగులో అది దాదాపు ఉండదు కాబట్టి అదే కాగితం రాత్రి పసుపు తిరుగుతుంది. ఆ రసాయనాలు లేని కాగితాలు మొదటినుంచీ కొంచెం వెన్న రంగులో ఉంటాయి, కానీ ఏ వెలుగులోనూ అంతగా మారవు.

ప్రింట్ బయటికి రాగానే తీర్పు చెప్పొద్దు. తడి ఆరేకొద్దీ రంగు కాస్త జరుగుతుంది. తొందరుంటే గంట ఆగండి, ముఖ్యమైన పనైతే మర్నాటిదాకా ఆగండి.

సిరాచుక్క:

నీలం పువ్వు దగ్గర మీ సెట్టింగుల తప్పేం లేదు. తెర నీలాన్ని వెలుగుతో పుట్టిస్తుంది. ప్రింటర్ సియాన్ మీద మెజెంటా (ముదురు గులాబీ సిరా) పోసి నీలం చేయాలి. తెర చూపించే అంత నిండు నీలం ఆ సిరాల కలయికలో రాదు. రాని రంగుని ప్రొఫైల్ దగ్గర్లో ఉన్న ఇంకో రంగుకి తెచ్చి పెడుతుంది, నీలాల దగ్గర అది ఊదా వైపు జరగడం మామూలే. మండే నారింజ, చిలకాకుపచ్చ కూడా ఇలాగే ఏడిపిస్తాయి.

ఇక్కడే సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింట్ ఎలా వస్తుందో తెరమీదే ముందుగా చూసుకోవడం, కావాలి. ఫోటోషాప్‌లో వ్యూ మెనూలో ప్రూఫ్ సెటప్, కస్టమ్. అక్కడ కాగితం ప్రొఫైల్ ఎంచుకోండి. లైట్‌రూమ్‌లో డెవలప్‌లో ఉండగా "ఎస్" కీ నొక్కితే చాలు. ప్రింట్‌లో రాబోయే ఊదా చాలావరకు తెరమీదే కనబడుతుంది. అందని రంగులని ఎలా సర్దాలో చెప్పే రెండరింగ్ ఇంటెంట్ మార్చి చూడండి. రిలేటివ్ కలరిమెట్రిక్ అందే రంగులని కదపకుండా, అందనివాటిని మాత్రమే అంచుకి తెస్తుంది. పర్సెప్చువల్ మొత్తం రంగులని దగ్గరికి నొక్కి వాటి మధ్య తేడాలు నిలబెడుతుంది. రేకుల్లోని గీతలు ఒకే ముద్దలా కలిసిపోతుంటే పర్సెప్చువల్ వైపు వెళ్లండి, మిగతా ఫోటోలకి రిలేటివ్‌తో పాటు బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ (ఫైల్ నలుపుని కాగితం నలుపుకి సర్దే సెట్టింగ్) పెట్టుకోండి. ఏది మంచిదని ముందే చెప్పే సూత్రం నా దగ్గర లేదు. ఫోటో ఫోటోకి చూసుకోవాల్సిందే.

ఆ తర్వాత అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా ప్రింట్ కోసం ఒక కాపీ తీసుకుని, నీలాల గాఢత కొంచెం తగ్గించి, వర్ణాన్ని కాస్త సియాన్ వైపు జరపండి. గాఢత తగ్గినా నీలం నీలంగానే ఉంటే కన్ను సంతోషిస్తుంది. నిండుగా ఉండి ఊదా అయితే వెంటనే పట్టేస్తుంది.

"సిమ్యులేట్ పేపర్ కలర్" నొక్కగానే ఫోటో ఒక్కసారిగా వెలిసిపోయినట్టు కనబడి గుండె జారుతుంది. నొక్కేటప్పుడు చూపు పక్కకి తిప్పి, తెరమీద తెల్లటి ప్యానెళ్లన్నీ మూసేసి ఫుల్‌స్క్రీన్‌లో చూడండి. పక్కన పోల్చుకోవడానికి తెలుపు లేకపోతే కన్ను సర్దుకుంటుంది. మాట్ (మెరుపు లేని) కాగితానికి ఈ పరీక్ష మరీ అవసరం. మానిటర్‌లో తెలుపుకీ నలుపుకీ మధ్య నిష్పత్తి మామూలుగా 1000:1 చుట్టూనో అంతకంటే ఎక్కువో ఉంటుంది. మంచి గ్లాసీలో 200:1 దగ్గర. మాట్‌లో నలుపు సాంద్రత (నలుపు ఎంత గాఢమో చెప్పే లాగరిథమ్ అంకె) 1.6 చుట్టూ ఉంటుంది, అంటే నిష్పత్తి 40:1 కూడా దాటడం కష్టం. అంత తేడాని ఏ ప్రొఫైలూ పూడ్చలేదు. మాట్ కోసం ఫోటోని విడిగా సవరించుకోవాల్సిందే.

మబ్బుల రోజు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు ప్రింటర్ లేదు, ల్యాబ్‌కి పంపుతాను. ఇదంతా నాకూ వర్తిస్తుందా? పోయినసారి రంగులన్నీ ఉప్పు లేనట్టు చప్పగా వచ్చాయి.

గ్రే కార్డు:

తెర వరకు అంతా వర్తిస్తుంది. చప్పగా రావడానికి ముందుగా చూడాల్సింది ఫైల్‌ని అడోబ్ ఆర్‌జీబీలో పంపారా అని. చాలా ల్యాబులు ఏ ఫైల్ వచ్చినా ఎస్ఆర్‌జీబీ అనుకుని నడిపిస్తాయి. అడోబ్ ఆర్‌జీబీ అంకెల్ని ఎస్ఆర్‌జీబీగా చదివితే రంగులు చచ్చిపోతాయి. ల్యాబ్ వేరుగా అడిగితే తప్ప ఎస్ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి, ప్రొఫైల్ ఫైల్‌లోనే ఉండేలా సేవ్ చేసి పంపండి. కన్వర్ట్ చేయాలి, అసైన్ కాదు. అసైన్ చేస్తే అంకెలు అలాగే ఉండి రంగు మారిపోతుంది. ల్యాబ్ వాళ్ల ఆటో కరెక్షన్ ఆపమని ఆర్డర్‌లో రాయండి. వాళ్ల కాగితం ప్రొఫైల్ ఇస్తే సాఫ్ట్ ప్రూఫ్‌కి వాడుకోండి. పెద్ద సైజు ఇచ్చే ముందు అదే కాగితం మీద చిన్నది ఒకటి తీయించుకుని చూడండి.

నలుపుతెలుపు:

నలుపు తెలుపు ఫోటోల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనంటాను. రంగు ఫోటోలో చిన్న జీర ఉన్నా పదిమందిలో కలిసిపోతుంది. బూడిద రంగులో అదే జీర కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఎప్సన్‌లో అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ లాంటి మోడ్ ఉంటే అది వాడండి. రంగు సిరాలు చాలా తక్కువ తీసుకుని నలుపు, బూడిద సిరాలతోనే చాలా పని నడిపిస్తుంది. అందుకే పగలూ రాత్రీ ఛాయ పెద్దగా మారదు. బూడిద సిరా లేని ప్రింటర్‌లో బూడిద చాలావరకు సియాన్, మెజెంటా, పసుపు కలిపి పుట్టాల్సిందే. ఒక దీపం కింద తటస్థంగా ఉన్నది ఇంకో దీపం కింద ఆకుపచ్చ తిరుగుతుంది. అలాంటి ప్రింటర్ ఉంటే మొదటే కొంచెం వెచ్చటి టోన్ వేసేయడం మంచిదని నా అనుభవం, జీర కనబడినా ఇబ్బందిగా ఉండదు.

తొలిప్రింట్:

పువ్వు కుదిరింది. సాఫ్ట్ ప్రూఫ్ పెట్టగానే ఊదా తెరమీదే కనబడింది. కాపీలో నీలం గాఢత తగ్గించి సియాన్ వైపు కొద్దిగా జరిపాక, పర్సెప్చువల్‌లో రేకుల మీది సన్నటి గీతలు కూడా వచ్చాయి. తెరమీదున్నంత నిండుదనం లేదు, కానీ చూసినవాళ్లు నీలం పువ్వే అంటారు.

ఆఖరి ప్రశ్న. ఈ సిరా అయిపోతే వేరే కంపెనీ సిరా పోయమని సలహా ఇస్తున్నారు. ఇప్పుడున్న ప్రొఫైల్ పనిచేస్తుందా?

సిరాచుక్క:

పనిచేయదండి. ఆ ప్రొఫైల్ మీ ప్రింటర్ అసలు సిరాతో, ఆ కాగితం మీద కొలిచింది. సిరా మారితే కొత్త ప్రొఫైల్ తయారుచేయించాలి. వందల రంగుగళ్లున్న పేజీని ఫోటోషాప్ నుంచి కాకుండా అడోబ్ కలర్ ప్రింటర్ యుటిలిటీ నుంచి, ఏ రంగు సవరణా లేకుండా ప్రింట్ తీయాలి. ఒక రోజు ఆరనివ్వాలి, ఆ తర్వాత స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలవాలి. మీ దగ్గరున్న కలరిమీటర్ తెర కోసం, కాగితం కొలవలేదు. పేజీ పంపిస్తే కొలిచి ప్రొఫైల్ తయారుచేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఒకే సిరా, ఒకే కాగితం చాలాకాలం వాడేట్టయితే ఆ ఖర్చు పెట్టుకోవచ్చు. నెలకో సిరా మార్చేట్టయితే అసలు సిరాలోనే ఉండిపోండి, కాగితం తక్కువ పాడవుతుంది.

తొలిప్రింట్:

అయితే అసలు సిరాలోనే ఉంటాను. సెట్టింగులన్నీ ప్రీసెట్‌గా దాచాను, పరీక్ష ప్రింట్ వెనక తేదీ, కాగితం పేరు, మీడియా టైప్ రాసి ఫైల్‌లో పెట్టాను. వచ్చే వారం మాట్ కాగితంతో మొదలుపెడతాను, సందేహం వస్తే ఇక్కడే రాస్తాను.